ఒక్కరా, అనేకులా

డువాలా
12 ఫిబ్రవరి 1989

అత్తా,

ఒంగి, రెండు చేతులూ తట్టి నిన్ను పలకరిస్తున్నాననుకో. మామయ్య కాళ్ళ వాపు తగ్గిందా? చామదుంపలు తవ్వించావా?

అసలు సంగతి చెప్తాను. శుక్రవారం అనిసే, నేనూ మేయరు ఆఫీసుకు వెళ్ళి పెళ్ళికి పేర్లు రాయించాం. మార్చి పద్దెనిమిది, శనివారం. మా ప్రకటన బయట బోర్డుకు అంటించారు. బోర్డు అద్దం పగిలిపోయి ఉంది, తప్పిపోయిన మేక గురించి ఎవరో రాసిన చీటీ పక్కన మా పేర్లు. అయినా సరే, బయటికొచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళి చదువుకున్నాను. అనిసే నవ్వాడు.

భార్య ఒక్కరేనా, ఇంకా రావచ్చా అన్నది కాగితంలో రాయాలట. కిటికీ వెనక కూర్చునే మదామ్ ఎబెలే తలెత్తకుండా అడిగింది, "ఒక్కరా, అనేకులా?" అని. చేపలమ్మే ఆవిడ ముక్కలు కొట్టాలా, అలాగే ఇవ్వాలా అని అడిగినట్టు. అనిసే "ఒక్కరే" అన్నాడు. కావలసినదానికంటే గట్టిగానే అన్నాడు. వెనక లైన్లో ఉన్న ఒకతను, "సంత సగం కూడా తిరగలేదు, అప్పుడే సంచీ మూతి కట్టేశావేం తమ్ముడూ" అన్నాడు. అందరూ నవ్వారు. అనిసే మాట మార్చలేదు. ఆవిడ రాసేసుకుంది.

నాకు గౌను, కేకు, కార్ల ఊరేగింపు ఏవీ లేకపోయినా ఫర్వాలేదత్తా. ఆ ఒక్క మాట ఉంటే చాలు. అమ్మా నాన్నా పోయాక నేను పెరిగింది నీ వంటింట్లోనే కదా. మామయ్య ఎవరి గడపలో కూర్చుని తింటాడోనని రోజూ సాయంత్రం నాలుగు పొయ్యిల మీద నాలుగు కుండలు ఉడికేవి. ఆయన రాని రోజున నీ కుండ నేనే ఖాళీ చేసేదాన్ని. నేను లావెక్కడానికి అదే కారణం. ఇక్కడ మేం అద్దెకు తీసుకున్నది రెండు గదుల ఇల్లు. ఒకటే పొయ్యి. రెండో పొయ్యికి చోటు లేదు కాబట్టే ఆ ఇల్లు నాకు నచ్చింది.

నా వైపు సాక్షివి నువ్వే. నేను నీ తమ్ముడి కూతురిని, అనిసే మామయ్య కొడుకే అయినా, చనిపోయిన నీ సవతికి పుట్టినవాడు. రక్తసంబంధం ఏమీ లేదని పెద్దలు నిరుడే తేల్చేశారు కనక ఎవరూ అడ్డు చెప్పరు. ఆడవాళ్ళందరికీ ఒకే రకం గుడ్డ తీస్తున్నాను, నీలం మీద గినీకోళ్ళు. నీకు ఎన్ని గజాలు కావాలో రాయి. రోజంతా ఈ టెలిఫోను ఆఫీసులో కూర్చుని ఊళ్ళకు ఊళ్ళు కలుపుతాను, నీ కొండకు మాత్రం ఒక్క తీగ లేదు.

నీ కోడలు,
ఒడీల్


బఫాంగ్
21 ఫిబ్రవరి 1989

ఒడీల్ తల్లీ,

ఉత్తరం అందింది. పనిలో కూర్చుని రాశావని తెలిసిపోయింది, మధ్యలో ఒకచోట "లైన్లో ఉండండి" అని రాసి కొట్టేశావు.

నా కుండ వల్ల లావెక్కానన్నావు. నా కుండకు అంత మహిమే ఉంటే మీ మామయ్య మిగతా గడపలు ఎందుకు ఎక్కేవాడు? అనిసే "ఒక్కరే" అన్నాడని చదివి వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. బ్లాండీన్ తొంగి చూసి, "ముసలమ్మకు చీమలు కుట్టాయా" అంది. ఆ పిల్ల నీ ఈడుదే. మీ మామయ్య చివరి పెళ్ళాం, చివరి సరదా. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు.

మామయ్యకు బాగాలేదు. వాపు పొట్ట దాకా ఎక్కింది. పెద్దలు వస్తున్నారు, నమలడానికి కోలాకాయలు పంచుతున్నాం, లోపల తలుపేసుకుని మాట్లాడుకుంటున్నారు. నేను తడిక ఇవతల నీళ్ళు కాస్తున్నాను. ఇంతకంటే రాయను.

నువ్వొక పని చెయ్యి. పెళ్ళి ఇంకా ముందుకు జరుపు. ఆ ఎబెలేమ్మ కాళ్ళు పట్టుకునైనా సరే, వీలైనంత త్వరగా సంతకాలు అయిపోవాలి. గౌను కుట్టడం అవ్వకపోతే ఉన్న బట్టలతో వెళ్ళు. నేను వచ్చేదాకా ఆగకు, సాక్షిగా మీ ఆఫీసు పిల్లను ఎవరినైనా నిలబెట్టుకో. అయిన మర్నాడే ఆ కాగితం నకలు ఒకటి నాకు పంపు. "ఒక్కరే" అన్న మాట అందులో స్పష్టంగా కనబడాలి. ఎందుకని అడగకు.

నీ అత్త,
ఫెలిసితే


డువాలా
3 మార్చి 1989

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను కడుపుతో లేను. అది తెలుసుకోవాలనే నువ్వు తొందరపెడితే, ఇదుగో చెప్పాను. నేను వచ్చేదాకా ఆగకు అని ఎంత తేలిగ్గా రాశావు. నన్ను పెంచిన మనిషి లేకుండా ఎవరో ఆఫీసు పిల్లను నిలబెట్టుకుని సంతకం పెట్టాలా?

మామయ్య పోతే ఏడాదిపాటు శుభకార్యం చెయ్యకూడదని నీ భయమనుకుంటాను. అలాంటి మాట నీ చేత రాయించుకున్నందుకు నాకే సిగ్గేసింది. ఆయన మంచాన ఉంటే మేం పూలు పట్టుకుని ఫొటో దిగుతామా? తండ్రి రాఫియా కల్లు కప్పు ఎత్తి దీవించకుండా పెళ్ళి చేసుకున్నాడని రేపు అనిసేను ఊరంతా అంటే?

అనిసే, నేనూ మాట్లాడుకుని పెళ్ళి వాయిదా వేశాం. ఏప్రిల్ ఇరవై తొమ్మిది. అప్పటికి వానలు మొదలై ఎండ తగ్గుతుంది, మామయ్య కూడా లేచి కూర్చుంటారు, కారులో నెమ్మదిగా తీసుకొస్తాం. మదామ్ ఎబెలే గొణుక్కుంటూ పాత ప్రకటన చింపి కొత్తది అంటించింది. ఇది నువ్వు నేర్పిన మర్యాదే అత్తా. మెచ్చుకుంటావనుకున్నాను.

గజాలు ఎన్నో ఇంకా రాయలేదు.

ఒడీల్


బఫాంగ్
9 మార్చి 1989

ఒడీల్,

నేను నేర్పిన మర్యాద నా నెత్తినే పడింది.

ఈ ఉత్తరం చేరిన రోజే బస్సెక్కు. ఒక్కదానివే రా, అనిసేను తీసుకురాకు. నోటితో చెప్పాల్సిన మాట ఒకటుంది. కాగితం మీద పెట్టలేను. మన ఉత్తరాలన్నీ బస్టాండులో మార్సెలాన్ బల్ల మీదుగానే పోతాయి. నాయనా మార్సెలాన్, ఇది నువ్వే చదువుతూ ఉంటే, మీ తమ్ముడి పెళ్ళికూతురికి వెళ్ళే ఉత్తరం కనక కవరు మూత కాస్త శుభ్రంగా అంటించు.

మామయ్య నిన్నటి నుంచి నీళ్ళు కూడా మింగడం లేదు. రా తల్లీ. నిన్ను ఏనాడూ ఏమీ అడగలేదు.

అత్త


డువాలా
15 మార్చి 1989

అత్తా,

ఈస్టరు అయ్యేదాకా సెలవు ఇవ్వనన్నాడు మా సూపర్‌వైజరు. నాతో పనిచేసే ఇద్దరు పిల్లలు జ్వరంతో పడుకున్నారు. పండగ వెళ్ళిన మరుసటి వారం బయలుదేరి వస్తాను. డ్రైవరు తాలా చేతికి మామయ్యకు మందులు, మెత్తటి బిస్కెట్లు ఇచ్చాను. నీళ్ళలో నానబెట్టి పెట్టు.

నువ్వు చెప్పాలనుకున్నది గజాల గురించి కాదని తెలుసు. అనిసే గురించి ఏమైనా విన్నావా? అతనికి అక్కడ పిల్ల ఎవరైనా ఉందా? ఉంటే ఉందని ఒక్క ముక్క రాయి. నేను తట్టుకోగలను.

ఒడీల్


బఫాంగ్
27 మార్చి 1989

ఒడీల్,

అరిటాకుల మీద కూర్చుని రాస్తున్నాను. గుండు చేశారు. అద్దం చూడకూడదు కనక నేనెలా ఉన్నానో తెలియదు, బ్లాండీన్‌ను చూసి ఊహించుకుంటున్నాను.

మామయ్య బుధవారం పోయారు. అనిసే ఆఖరి ఊపిరికి అందాడు. నీ మందులు ఆయన పోయాక వచ్చాయి. బిస్కెట్లు పిల్లలు తిన్నారు.

పూడ్చాక, వారసుడిని పట్టడానికి కొడుకులందరినీ ఆవరణలో వరసగా నిలబెట్టారు. పెద్దలు వెనకనుంచి నడిచారు. మార్సెలాన్ కొత్త చొక్కా వేసుకుని అందరికంటే కాస్త ముందుకే నిలబడ్డాడు. వాళ్ళు అతన్ని దాటిపోయారు. చెయ్యి అనిసే భుజం మీద పడింది.

అతను పరిగెత్తాడు. ఇది నీకు తెలియాలి. మర్యాద కోసం నాలుగడుగులు పరిగెత్తి పట్టుబడేవాళ్ళను చాలామందిని చూశాను. ఇతను నిజంగా పరిగెత్తాడు, కాఫీ తోట దాటి, కిందున్న రాఫియా చెట్ల బురదలోకి. బూటు ఒకటి అందులోనే ఉండిపోయింది. పెళ్ళికని నువ్వు కొన్న జతే. మోసుకొచ్చి, ఒంటినిండా ఎర్ర చెక్కపొడి పూసి, తండ్రి పీట మీద కూర్చోబెట్టారు. అతను ఏడుస్తుంటే ఆ ఎరుపంతా చారలు కట్టింది. తండ్రి పేరే ఇప్పుడు అతనికీ, వాఫో. తాతల పుర్రెలు పెట్టి మొక్కే ఇంటి తాళం అతని నడుముకే కట్టారు.

మేం నలుగురు విధవలం వెళ్ళి ఒంగి చేతులు తట్టాం. తల్లి పోయాక నేను ముద్దలు కలిపి పెట్టిన పిల్లాడికి, మొగుడికి దండం పెట్టినట్టు పెట్టాను. నా మొహం వైపు చూడలేకపోయాడు.

నువ్విక బయలుదేరకు, అతనే డువాలా వస్తున్నాడు. పెద్దలు ఏమన్నారో అతనే చెప్తాడు. రాగానే అరవకు. ముందు ఏదైనా తినిపించు.

ఫెలిసితే


డువాలా
8 ఏప్రిల్ 1989

అత్తా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అనిసే వచ్చాడు. గోళ్ళ సందుల్లో ఇంకా ఆ ఎరుపు పోలేదు. మంచం అంచున కూర్చుని చెప్పాడు. తండ్రి విధవలందరూ పీట ఎక్కినవాడికే భార్యలవుతారు కనక, కాగితం మీద "ఒక్కరే" అని రాయించుకున్నవాడు ఆ పీట మీద కూర్చోకూడదట. మేయరు ఆఫీసులో మాట మార్చుకోమన్నారట, లేదంటే పీట దిగమన్నారట. దిగితే మార్సెలాన్ ఎక్కుతాడు. ఎక్కితే ఏం చేస్తాడో మార్సెలాన్ అందరిముందూ చెప్పాడట. కొడుకులున్న ఇద్దరూ కొడుకుల దగ్గరికి పోతారు, బ్లాండీన్‌ను తను ఉంచుకుంటాడు, పిల్లల్లేని ముసలిది తన దారి తను చూసుకోవాలి.

పిల్లల్లేని ముసలిది నువ్వే కదా.

"మరి నువ్వేమంటావు" అని అనిసేను అడిగాను. "నువ్వు ఏ మాటంటే నేనూ అదే అంటాను. కాగితం మీద ఒక మాటేగా ఒడీల్. బ్లాండీన్ గడప నేను తొక్కను" అన్నాడు. తొక్కనని చెప్పడానికి అతని ఆలోచన ఆ గడప దాకా ఎందుకు వెళ్ళింది? నేను అడగనేలేదు. మోయలేని బరువంతా తెచ్చి నా నోట్లో పెట్టి, తను బూట్లు విప్పుకుని పడుకున్నాడు.

పెళ్ళి వాయిదా కూడా వెయ్యనివ్వరట. పీట మీద కూర్చున్నవాడు ఒంటరిగా ఉండకూడదట, ఇరవై తొమ్మిదినే కానివ్వమన్నారట. ఏడాది సంతాపం అందరికీ గాని వారసుడికి కాదట.

నువ్వు తడిక ఇవతల నీళ్ళు కాస్తూ అంతా విన్నావు. అనిసే పేరు అప్పుడే నీ చెవిన పడింది. నాకు చెప్పలేదు. పైగా తొందరపెట్టావు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. నేను అనుమానం పడేలోపే నన్ను ఆ ఇంటికి కట్టెయ్యాలి. పిల్లల్లేనిదానివి, ముసలితనానికి నెత్తిన ఒక ఇంటికప్పు కావాలి. మెతకవాడిని చూసుకున్నావు, వాడికి నీ మాట జవదాటని మేనకోడల్ని కట్టబెట్టావు. నన్ను పెంచింది అందుకేనా?

నేను నీ కుండ ఖాళీ చేసిన ప్రతి రాత్రీ నీ మొహం చూశాను. అలాంటి మొహం నాకూ పెట్టాలని ఎలా అనిపించింది నీకు?

ఒడీల్


బఫాంగ్
15 ఏప్రిల్ 1989

తల్లీ,

నీ ఉత్తరం మార్సెలాన్ చదివే ఇచ్చాడు. "నీ కోడలికి బుద్ధొచ్చింది" అన్నాడు. అందుకే ఇది కాన్వెంటు సిస్టర్ మార్త్ చేతికి ఇస్తున్నాను. డువాలా ఆసుపత్రి పనిమీద వెళ్తోంది. ఇక దాచాల్సింది ఏమీ లేదు.

అవును, నాకు తెలుసు. మామయ్య పెద్దలతో అనిసే పేరు చెప్పడం విన్నాను. ఊపిరున్న మనిషి తర్వాత ఎవరని పలికితే ఆ మనిషిని చంపినట్టేనని నీకు నేను చెప్పాలా? అది కాగితం మీద పెట్టి, ఆ కాగితం మార్సెలాన్ బల్ల మీదికి పంపి ఉంటే, నన్ను మంత్రగత్తె అని కొట్టి చంపేవాళ్ళు. అనిసే కల్లులో ఏం కలిపేవాళ్ళో దేవుడికి తెలియాలి.

పోయినేడు పక్క కొండ మీద ఒక వారసుడు మేయరు కాగితం చూపించి, నాకు ఒక్క భార్యే, చట్టం ఒప్పుకోదు అని తండ్రి విధవలందరినీ బయటికి గెంటాడు. అప్పటినుంచి మన పెద్దలు అలాంటి కాగితం ఉన్నవాడి భుజం ముట్టుకోవడం లేదు. నువ్వు త్వరగా సంతకం చేసి నకలు పంపి ఉంటే, దాన్ని పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టేదాన్ని. వాళ్ళు అనిసేను దాటి వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడు చెయ్యి ఎవరి భుజం మీద పడేదో, నా గతి ఏమయ్యేదో నాకు తెలియకనా నిన్ను తొందరపెట్టాను?

నన్ను ఎంతయినా తిట్టు. కానీ ఇంటికప్పు కోసం నిన్ను ఎర వేశానని మాత్రం అనకు. అది చదివి ఆ ఆకుల మీదే పడి ఏడ్చాను. బ్లాండీన్ వచ్చి వీపు రాసింది.

ఇప్పుడు నీకు నిజం చెప్తాను. సవతులు చెడ్డవాళ్ళు కాదు ఒడీల్. నాకు జ్వరమొస్తే నీళ్ళు పట్టింది వాళ్ళే, మీ నాన్న పోతే నాతోపాటు ఏడ్చింది వాళ్ళే. చెడ్డది ఎదురుచూపు. వంట అయిపోయి, గడపలో దీపం పెట్టుకుని, అడుగుల చప్పుడు మన వైపు తిరుగుతుందా అని వినడం. అది ముప్పై ఏళ్ళు విన్నాను. నువ్వు ఒక్కరోజు కూడా వినకూడదు.

"ఒక్కరే" అను. అనిసే చేత అనిపించు. నా సంగతి వదిలెయ్.

అత్త


బఫాంగ్
24 ఏప్రిల్ 1989

ఒడీల్,

నీ నుంచి జవాబు రాలేదు. సిస్టర్ మార్త్ నిన్ను చూశానంది. చిక్కిపోయావని, ఉత్తరం ఆమె ముందే చదివి ఏమీ మాట్లాడకుండా మడిచి పెట్టుకున్నావని చెప్పింది. నువ్వు ఏమీ మాట్లాడకపోతే ఏం చెయ్యబోతున్నావో నాకు తెలుసు. చిన్నప్పుడు నేను పగలగొట్టిన కుండ తప్పు మామయ్య ముందు నీ నెత్తిన వేసుకున్నదానివి.

అందుకని నీకు ఆ వీలు లేకుండా చేస్తున్నాను. రేపు పొద్దున్నే ఈ ఆకుల మీదినుంచి లేచి వెళ్ళిపోతున్నాను. సంతాపం ముగియకుండా లేచిన విధవను మళ్ళీ ఆ ఆవరణలోకి అడుగు పెట్టనివ్వరు. నా పేరు కూడా పలకరు. మార్సెలాన్ పీటెక్కినా తరమడానికి నేనుండను. అనిసే కూర్చున్నా కాపాడడానికి నేనుండను. ఇక నువ్వు ఏ మాటన్నా నాకు ఒకటే.

కింద బఫాంగ్ ఊళ్ళో సిస్టర్ల వంటింట్లో దుంపలు చెక్కడానికి మనిషి కావాలట. పడుకోవడానికి కట్టెల గది ఇస్తారు. కురుస్తుంది గానీ ఫర్వాలేదు.

శనివారం గట్టిగా చెప్పు. వెనక లైన్లో ఉన్నవాళ్ళకు కూడా వినపడేలా. గుడ్డ నాకోసం కొనకు, ఈ నలుపు ఇప్పట్లో విప్పను.

నీ అత్త


డువాలా
30 ఏప్రిల్ 1989

అత్తా,

నీ ఉత్తరం శుక్రవారమే సిస్టర్ తెచ్చి ఇచ్చింది. విప్పలేదు. దేవుడా, ఎందుకు విప్పలేదు.

ఎందుకంటే నేను అప్పటికే నిర్ణయించుకున్నాను. నీ అంతకుముందు ఉత్తరం చదివాక నిన్ను ఎంత మాటన్నానో తెలిసింది. నీ నెత్తిమీద కప్పు తీసేసి నేను సుఖంగా ఒక పొయ్యి దగ్గర వండుకోలేనని తేల్చుకున్నాను. కొత్త ఉత్తరంలో వద్దని ఉంటుంది, చదివితే నీ మాట వింటాను. ఒకవేళ భయపడి బతిమాలి ఉంటే, అది చదివాక జీవితాంతం నీ మీద కోపం ఉంటుంది. రెండూ వద్దనుకుని జాకెట్టులో పెట్టుకుని వెళ్ళాను. సంతకం పెట్టేటప్పుడు కవరు మూల గుచ్చుకుంది కూడా.

హాలు నిండిపోయింది. నీలం మీద గినీకోళ్ళు. నువ్వు కూర్చోవలసిన సాక్షి కుర్చీలో మా ఆఫీసు పిల్ల కూర్చుంది. మేయరు అందరికీ వినబడేలా అడిగాడు, "ఒక్కరా, అనేకులా?" అని. మా టెలిఫోను పిల్లలు వెనక వరసలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వరుడు "ఒక్కరే" అనగానే ఆడవాళ్ళు కేకలు వెయ్యాలి కదా. అనిసే నా వైపు చూశాడు. నేను చెప్పందే అతను చెప్పడు. "ప్రశ్న వరుడికమ్మా, మెడ అటు తిప్పుతాడేం" అన్నాడు మేయరు. మగవాళ్ళు నవ్వారు.

నేనే అన్నాను, "అనేకులు" అని. అనిసే నా వెనకే అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే మేయరు మళ్ళీ అనమన్నాడు.

ఆ పిల్లలు చేతులు కిందికి దించేసుకున్నారు. మామయ్య వైపు పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. మార్సెలాన్ కూడా వచ్చాడు, అతను కొట్టలేదు.

తర్వాత వరండాలో గోడకు ఆనుకుని నీ ఉత్తరం విప్పాను. చదివి మళ్ళీ లోపలికి పరిగెత్తాను. మదామ్ ఎబెలే రిజిస్టరు మూస్తోంది. ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను. నువ్వు ముందే పట్టుకోమన్న కాళ్ళు. "ఒక్క మాట మార్చమ్మా, సిరా ఇంకా ఆరలేదు" అన్నాను. "అది సిరా కాదు బిడ్డా, ఇంతమంది విన్న మాట. విన్నది ఎలా చెరపను?" అంది. తన చేతిరుమాలు ఇచ్చింది. అంతకంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

నువ్వు వెళ్ళిపోయి నన్ను విడిపించాననుకున్నావు, నేను మాటిచ్చి నిన్ను నిలబెట్టాననుకున్నాను. ఇద్దరికీ ఏమీ మిగల్లేదు. నీకు ఇల్లు పోయింది. నాకు ఆ ఒక్క మాట పోయింది. రాత్రి విందులో అనిసే పెదనాన్న కోడి కాలు నములుతూ చెప్పాడు, "ఆకుల మీదినుంచి దిగగానే బ్లాండీన్‌ను పంపిస్తాం, వంటలో నీకు చేదోడుగా ఉంటుంది" అని. అనిసే తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు. వద్దని అనలేదత్తా. సరేననీ అనలేదు. అతను చెడ్డవాడు కాదు. కానీ వద్దనడం అతనికి రాదు. ఆ బురదలో పరిగెత్తినప్పుడే అతని ధైర్యమంతా అయిపోయింది.

పొద్దున మదామ్ ఎబెలే ఇంటికి వెళ్ళి ఒక్కటే అడిగాను. అనేకులు అని రాశాం కదా, రెండో ఆవిడ ఎవరో రాయాలా అని. "రాయక్కర్లేదు, ఆ చోటు ఖాళీగా ఉంటుంది" అంది. ఆ ఖాళీ చోటు గురించి ఇంటిదాకా ఆలోచిస్తూ నడిచాను.

నువ్వు వాఫో విధవవు. అతని పీట ఎవరు ఎక్కితే వారికి చెందినదానివి. ఆ మాట అన్నది వాళ్ళే, చేతులు తట్టించిందీ వాళ్ళే. వచ్చెయ్యత్తా. రెండో గదిలో నువ్వు ఉండు. రెండో పొయ్యికి చోటు లేదని మురిసిపోయాను, కుర్చీలు అమ్మేసి చోటు చేస్తాను. ఆ కట్టెల గదిలో నువ్వు తడుస్తున్నావని తెలిసి నేను ఈ ఇంట్లో పడుకోలేను. నువ్వు రాకపోతే ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు వస్తారు, నేను గడపలో దీపం పెట్టుకుని కూర్చుంటాను. నీకు తెలుసు ఆ కూర్చోవడం ఏమిటో.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను. విన్నది చెరపడం కుదరదు కదా. నాకు మళ్ళీ సెలవు దొరకదు, లేకపోతే నేనే వచ్చి తీసుకొచ్చేదాన్ని.

ఒడీల్


బఫాంగ్
6 మే 1989

ఒడీల్,

నీ ఉత్తరం కట్టెల గదిలో చదివాను. సగం తడిసింది, కొంత వాన వల్ల.

నీకు బుర్ర లేదు. కవరు విప్పి చదవడానికి ఎంతసేపు పట్టేది? రోజూ ఇతరుల మాటలు వినడమే నీ ఉద్యోగం. నాకు మాత్రం బుర్ర ఉందా, నీకు జవాబు రాసే వ్యవధి ఇవ్వకుండా లేచి వచ్చేశాను. ఇద్దరం ఒకే కుండలో తిన్నవాళ్ళం, బుర్ర ఎక్కడినుంచి వస్తుంది?

మూడు రోజులు ఆలోచించాను. పెద్దలు ఇక నా పేరు పలకరు. పలకరు కనక, ఫెలిసితే డువాలాలో ఏం చేస్తోంది, అక్కడినుంచి పంపెయ్యండి అని కూడా అనలేరు. వాళ్ళ ఆచారం వాళ్ళ గొంతుకే అడ్డం పడింది.

సిస్టర్ మార్త్ బస్సు చార్జీ ఇచ్చింది. బుధవారం తాలా బస్సులో వస్తున్నాను. మార్సెలాన్‌కు వీడ్కోలు చెప్పే ఎక్కుతాను. బ్లాండీన్ వస్తే రానీ, ఆ పిల్లను కూడా అడిగి ఎవరూ ఏమీ చెయ్యలేదు. కానీ నేను ముందు వచ్చినదాన్ని, పెద్దదాన్ని. నా మంచం గుమ్మానికి అడ్డంగా వెయ్యి. అనిసే ఏ గదిలోకి వెళ్ళాలన్నా నన్ను దాటి వెళ్ళాలి. ముద్దలు పెట్టి పెంచినదాన్ని దాటడం వాడి వల్ల అవుతుందేమో చూద్దాం.

నా గుండు చూసి భయపడకు. కుర్చీలు అమ్మకు. నా పొయ్యికి మూడు రాళ్ళు నేనే తెచ్చుకుంటున్నాను.

ఇట్లు,
నీ సవతి
ఫెలిసితే